మెంబ్రేన్ పోయిందనే ముందు

మా పై ఫ్లాట్ అంకుల్ రిటైరయ్యాక డిస్కస్ చేపల మీద పడ్డారు. ఆ చేపలకి మెత్తటి నీళ్ళు కావాలి. మా బోరు నీళ్ళేమో బకెట్‌కి తెల్లచారలు కట్టించే రకం. అందుకని బాల్కనీలో చేపల కోసమే విడిగా ఒక ఆర్వో పెట్టించుకున్నారు, మెంబ్రేన్ అనే సన్నటి పొరలోంచి నీళ్ళని ఒత్తిడితో తోసి ఉప్పుని ఆపే మెషిన్. ఈ ఏప్రిల్‌లో దాన్నుంచి వచ్చే నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క, 14 నుంచి 44కి ఎక్కింది. మెకానిక్ వచ్చాడు, మీటర్ ముంచాడు, "మెంబ్రేన్ పోయింది సార్" అన్నాడు. కొత్తది వేశాక మీటర్ 42 చూపించింది. "కొత్తది కదా సార్, రెండ్రోజులు సెట్ అవ్వాలి" అని బిల్లు రాసిచ్చి వెళ్ళాడు. రెండ్రోజులు గడిచినా 42 అలాగే ఉంది.

చేపలు పెంచేవాళ్ళ ఇళ్ళలో ఆర్వో రిపేర్లు చాలావరకు ఈ దారిలోనే నడుస్తాయి. నీళ్ళు తగ్గినా మెంబ్రేనే, టీడీఎస్ పెరిగినా మెంబ్రేనే, చేపలు నీరసంగా ఉన్నా మెంబ్రేనే. బయటికొచ్చే నీళ్ళలో మీటర్ చూపించే ఒక్క అంకెని పట్టుకుని మెషిన్‌కి జబ్బు పేరు పెట్టే అలవాటు మనం మానుకోవాలని నా వాదన. ఆ అంకె మెంబ్రేన్ బాగున్నప్పుడు కూడా భయపెడుతుంది. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, నీళ్ళు బాగాలేనప్పుడు కూడా భరోసా ఇస్తుంది.

లోపలికి వచ్చే నీళ్ళు

అంకుల్ మెషిన్ సంగతి తేలడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేకపోయింది. ఆర్వోలోకి వెళ్ళే పైపు విప్పి, గ్లాసుడు నీళ్ళు పట్టి, అదే మీటర్ ముంచాం. 1100 చూపించింది. చలికాలంలో ఆ అంకె ఎంతుండేదో అంకుల్ అదృష్టవశాత్తూ క్యాలెండర్ మీద రాసుకున్నారు: 350. అప్పట్లో మా సంపులో మున్సిపల్ నీళ్ళే ఎక్కువ, అంటే కృష్ణా నీళ్ళు. వేసవి రాగానే ఆ సప్లై తగ్గింది, వాచ్‌మన్ బోరు మోటారు వేసే గంటలు పెరిగాయి. ఫ్లాట్లలో ఉండే మనకి కుళాయి ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనక సంపులో ఏ పూట ఏ నీళ్ళు కలుస్తున్నాయో వాచ్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలీదు.

ఇప్పుడు లెక్క చూడండి. 350లో 14 అంటే నూటికి నాలుగు. 1100లో 44 అన్నా నూటికి నాలుగే. మెంబ్రేన్ అప్పుడూ 96 శాతం ఉప్పుని ఆపింది, ఇప్పుడూ 96 శాతమే ఆపుతోంది. దాని పనిలో తేడా లేదు, దాని ముందు పెట్టిన బరువు మూడింతలైంది. తీసి పక్కన పడేసిన పాత మెంబ్రేన్ శుభ్రంగా పనిచేస్తున్నదే.

మామూలుగా ఇళ్ళలో వాడే మెంబ్రేన్ బాగున్నప్పుడు 95 నుంచి 98 శాతం వరకు ఉప్పుని ఆపుతుంది. కాబట్టి మనం అడగాల్సింది "ఎంత వస్తోంది" అని కాదు, "ఎంతలోంచి ఎంత వస్తోంది" అని. దీనికి ఇంకో లాభం ఉంది. మనం కొనే పెన్ మీటర్లు అంత నమ్మదగ్గవి కావు. నిజానికి అవి కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత బాగా ప్రవహిస్తోందన్నదే. దాన్ని 0.5 నుంచి 0.7 మధ్యలో ఏదో ఒక సంఖ్యతో గుణించి పీపీఎం (లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు) అని చూపిస్తాయి. రెండు కంపెనీల మీటర్లు ఒకే గ్లాసులో వేర్వేరు అంకెలు చూపించడం చాలామంది చూసే ఉంటారు. అయితే రెండు నీళ్ళనీ ఒకే మీటర్‌తో కొలిచి శాతం కడితే ఆ తప్పు చాలావరకు రెండువైపులా కొట్టుకుపోతుంది. ఖరీదైన మీటర్ కొనే ముందు ఉన్నదాన్ని రెండుసార్లు ముంచితే చాలు.

మొదటి గ్లాసు

ఇంకో తమాషా ఉంది. పొద్దున్నే మెషిన్ ఆన్ చేసి మొదటి గ్లాసు కొలిస్తే 90 ఉంటుంది. పది నిమిషాలాగి అదే పైపు కింద ఇంకో గ్లాసు పడితే 20. మెషిన్ ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్‌కి అటువైపు ఉప్పునీళ్ళు, ఇటువైపు మంచినీళ్ళు అలా కూర్చునే ఉంటాయి. ఒత్తిడి లేదు కాబట్టి నీళ్ళు దాటవు, ఉప్పు మాత్రం మెల్లగా దాటుతూనే ఉంటుంది. రాత్రంతా అలా దాటిందంతా పొద్దున మొదటి గ్లాసులోకి వస్తుంది.

మెకానిక్‌లు వచ్చేది సాధారణంగా పొద్దున పూట. మెషిన్ ఆన్ చేసి వెంటనే మీటర్ ముంచుతారు. ఆ పూట మెంబ్రేన్ తలరాత ఆ గ్లాసే రాసేస్తుంది.

ఇది మంచినీళ్ళ ఆర్వోకి పెద్ద విషయం కాదు. చేపలవాళ్ళకి మాత్రం పెద్ద విషయమే, ఎందుకంటే చాలామంది డ్రమ్ముకి ఫ్లోట్ స్విచ్ పెట్టి వదిలేస్తారు. డ్రమ్ములో రెండంగుళాలు తగ్గగానే మెషిన్ ఆన్, నాలుగు లీటర్లు నిండగానే ఆఫ్, మళ్ళీ ఆన్. ప్రతిసారీ ఆ మొదటి చెడ్డ గ్లాసు డ్రమ్ములోకే పోతుంది. చివరికి డ్రమ్ములో 60 ఉంటుంది, పైపు దగ్గర 20 ఉంటుంది, మనిషికి పిచ్చెక్కుతుంది. మెషిన్‌ని ఎప్పుడో ఒకసారి ఎక్కువసేపు నడిపించి, మొదటి కొన్ని నిమిషాల నీళ్ళు బకెట్లోకి వదిలేస్తే సగం గోల తగ్గుతుంది.

అంకె బాగుంది, రొయ్యలు పోయాయి

మీటర్ భయపెట్టే సందర్భాలు డబ్బు దండగతో పోతాయి. భరోసా ఇచ్చే సందర్భాల్లో ప్రాణాలు పోతాయి.

విజయవాడలో ఉండే ఒక స్నేహితుడు చిన్న గాజు తొట్టిలో చెర్రీ ష్రింప్ పెంచేవాడు, గోరంత ఎర్రటి రొయ్యలు. వాటికని వేరే ఆర్వో ఎందుకు, వంటింట్లో ఉందిగా అని దాని కుళాయి నీళ్ళే పట్టి పోసేవాడు. టీడీఎస్ 120, ఆ రొయ్యలకి అదేమీ ప్రాణం తీసే అంకె కాదు. పాత వంటింటి ఆర్వో పోయి కొత్తది వచ్చిన కొన్నాళ్ళకి రొయ్యలు ఒక్కొక్కటే పడిపోవడం మొదలైంది. టీడీఎస్ అదే 120. ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా అర్థం కాలేదు. చివరికి కొత్త మెషిన్ ఫోటో పంపమంటే పంపాడు. దాని ముఖాన పెద్దక్షరాలతో "కాపర్" అని ఉంది.

ఇప్పుడు మార్కెట్లో చాలా ఆర్వోల్లో చివర రాగి కార్ట్రిడ్జ్ ఒకటి ఉంటుంది, రాగి చెంబులో నీళ్ళ పుణ్యం మెషిన్లో ఇస్తామని. మనుషులకి దాంతో ఇబ్బంది లేదు. వేరే నీళ్ళు దొరకని చోట తాగే నీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాముల రాగి వరకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా ఒప్పుకుంటుంది. రొయ్యలకీ నత్తలకీ అలా కుదరదు. ఉప్పునీటి చేపలకి తెల్లమచ్చల జబ్బు వస్తే ఇచ్చే మందు రాగే, అది కూడా లీటరుకి 0.15 నుంచి 0.2 మిల్లీగ్రాములు. ఆ మందు వేసే తొట్టిలోంచి రొయ్యల్ని ముందే తీసేయాలి, అవి తట్టుకోలేవు. 0.2 మిల్లీగ్రాముల రాగి కలిస్తే టీడీఎస్ మీటర్‌లో కనిపించే తేడా ఏమీ ఉండదు. 120 అలాగే 120.

అతని రొయ్యల్ని చంపింది ఆ కార్ట్రిడ్జేనని నేను ఒట్టేసి చెప్పలేను. రాగి టెస్ట్ కిట్ తెప్పించేలోపే తొట్టి ఖాళీ అయింది. కానీ టీడీఎస్ బాగుంది కదా అని అన్నాళ్ళు అటువైపు చూడకపోవడం మాత్రం ఆ మీటర్ పుణ్యమే.

రాగి లేకపోయినా వంటింటి ఆర్వోలో చేపలవాళ్ళకి అక్కర్లేని సరుకు చాలా ఉంటుంది. మినరల్ కార్ట్రిడ్జ్, ఆల్కలైన్ కార్ట్రిడ్జ్, వీటితోపాటు టీడీఎస్ కంట్రోలర్. ఈ కంట్రోలర్ చేసే పని ఆర్వో నీళ్ళలో కొంచెం బోరు నీళ్ళు కలపడం. తాగేవాళ్ళకి రుచి రావాలి కాబట్టి మెకానిక్ దాని స్క్రూ తిప్పి 80కో 100కో పెట్టి వెళ్ళిపోతాడు. మనం చేపల కోసం పట్టి చూసి, మెంబ్రేన్ నాసిరకం అనుకుంటాం. మెంబ్రేన్ నుంచి వచ్చేది 30 ఉండొచ్చు. అందుకే వంటింటి మెషినే వాడాలనుకుంటే మెంబ్రేన్ హౌసింగ్ (మెంబ్రేన్ కూర్చునే డబ్బా) నుంచి మంచినీళ్ళు బయటికి వచ్చే పైపుకి, వెనక ఇంకేమీ తగలకముందే, ఒక టీ జాయింటూ చిన్న వాల్వూ పెట్టించుకోవాలి. కొలవాల్సిందీ అక్కడే, పట్టాల్సిందీ అక్కడే.

జగ్గు, ఫోను, ఒక గేజ్

సరే, శాతం కట్టాం, నిజంగానే తక్కువొచ్చింది, 96 ఉండాల్సింది 85 ఉంది. ఇప్పుడైనా మెంబ్రేన్ పోయినట్టేనా? ఇంకా చెప్పలేం. నీళ్ళ వేగం చూడాలి.

ఇది చాలామంది పట్టించుకోరు గానీ అసలు రహస్యమంతా ఇక్కడే ఉంది. మెంబ్రేన్‌లోంచి నీళ్ళు దాటేది ఒత్తిడి వల్ల. ఉప్పు దాటేది రెండువైపులా ఉప్పు తేడా వల్ల, దానికి ఒత్తిడితో పెద్దగా పని లేదు. పంపు బలహీనపడితే నీళ్ళు తగ్గుతాయి, ఉప్పు మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. కొంచెం నీళ్ళలో అదే ఉప్పు కలిస్తే టీడీఎస్ పెరుగుతుంది. మెంబ్రేన్ చెక్కుచెదరకుండా ఉన్నా మీటర్‌కి చెడిపోయినట్టే కనిపిస్తుంది.

కాబట్టి కొలతల జగ్గు ఒకటి, ఫోన్లో స్టాప్‌వాచ్. నిమిషానికి మంచినీళ్ళు ఎన్ని, వేస్ట్ ఎన్ని. 75 జీపీడీ (రోజుకి 75 గ్యాలన్ల) మెంబ్రేన్ అంటే రోజుకి సుమారు 284 లీటర్లు, గంటకి దాదాపు 12, నిమిషానికి 200 మిల్లీలీటర్ల లోపు. అదీ కంపెనీ చెప్పిన ఒత్తిడి దగ్గర, 25 డిగ్రీల నీళ్ళతో. మన ఇళ్ళలో అంత రాకపోయినా, మెషిన్ కొత్తగా ఉన్నప్పుడు ఎంత వచ్చిందో తెలిస్తే చాలు.

టీడీఎస్ పెరిగి నీళ్ళు తగ్గితే ముందు ఒత్తిడిని అనుమానించండి. స్పన్ క్యాండిల్ (మొదట మట్టిని పట్టే ఫిల్టర్) బురదతో మూసుకుపోయి పంపుకే నీళ్ళు అందకపోవచ్చు. పంపు ముసలిదై ఉండవచ్చు. 24 వోల్టుల అడాప్టర్ ఖాళీగా కొలిస్తే 24 చూపించి, పంపు తగిలించగానే 17కి పడిపోవచ్చు. ఈ చివరిది నేను పదేపదే చూశాను. మెంబ్రేన్ కంటే చవకగా వచ్చే అడాప్టర్ కోసం మెంబ్రేన్‌ని బలిస్తారు. పంపు తర్వాత పైపుకి ఒక ప్రెజర్ గేజ్ శాశ్వతంగా తగిలించి ఉంచితే ఈ వాదనే ఉండదు. కొన్ని వందల రూపాయలు. మన దగ్గర అమ్మే ఆర్వోలకి రంగురంగుల లైట్లుంటాయి గానీ ఈ గేజ్ మాత్రం ఉండదు.

టీడీఎస్ పెరిగి నీళ్ళు కూడా పెరిగితే అది అసలైన కీడు. ఇళ్ళలో దీన్ని చూసి సంతోషించేవాళ్ళున్నారు, "ఈమధ్య డ్రమ్ము తొందరగా నిండుతోంది" అని. సంపు కడిగిన రోజు వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడర్ డబ్బా బోర్లించి ఉంటాడు. అందులోని క్లోరిన్‌ని ఆపాల్సిన కార్బన్ ఫిల్టర్ అప్పటికే అరిగిపోయి ఉంటుంది. ఆ క్లోరిన్ నేరుగా మెంబ్రేన్ మీద పడి దాని పల్చటి పొరని తినేస్తుంది. అది మళ్ళీ అతుక్కునేది కాదు. కార్బన్ పనిచేస్తోందో లేదో టీడీఎస్ మీటర్ చెప్పదు. పంచాయతీ వాటర్‌మన్ దగ్గర చూసే ఉంటారు క్లోరోస్కోప్, చుక్కలు వేస్తే పసుపు రంగు తిరిగేది. అలాంటి కిట్‌తో కార్బన్ తర్వాత వచ్చే నీళ్ళని పరీక్షిస్తే రంగు రాకూడదు.

ఇదే లక్షణం కొత్త మెంబ్రేన్ వేసిన వెంటనే కనిపిస్తే క్లోరిన్‌ని తిట్టక్కర్లేదు. మెంబ్రేన్ చివర సన్నటి గొట్టానికి రెండు ఓ రింగులుంటాయి. హౌసింగ్‌లోకి దాన్ని చివరిదాకా నొక్కకపోతే, లేదా ఒక రింగు మెలిపడితే, బోరు నీళ్ళు పక్కదారిన మంచినీళ్ళలో కలుస్తాయి. విప్పి, రింగులు తడిపి, మళ్ళీ గట్టిగా నొక్కి చూడాలి. మెకానిక్ ఇలాంటప్పుడు "ఈ బ్యాచే బాగాలేదు సార్" అంటాడు.

ఇక టీడీఎస్ బాగానే ఉండి నీళ్ళు మాత్రం తగ్గితే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుంటోందని, లేదా చలికాలం వచ్చిందని. ఒక్కో డిగ్రీ చల్లబడే కొద్దీ నీళ్ళు దాదాపు మూడు శాతం తగ్గుతాయి. ఎండాకాలం డాబా మీద నల్ల ట్యాంకులో నీళ్ళు కాగుతున్నప్పుడు తిరగబడుతుంది, నీళ్ళూ ఎక్కువొస్తాయి, ఉప్పూ కొంచెం ఎక్కువ దాటుతుంది. అప్పుడు మధ్యాహ్నం కొలిచిన అంకెని పొద్దున కొలిచినదానితో పోల్చి కంగారుపడకూడదు.

పంపు లేని తెల్లడబ్బాలు

ఆఫీసులో ఒక తమ్ముడు అక్వేరియం కోసమే చేసిన ఆర్వో యూనిట్ నెట్లో కొన్నాడు. చక్కటి మూడు డబ్బాలు, పంపు లేదు, కరెంటు అక్కర్లేదు. వాళ్ళింట్లో బిగిస్తే వేస్ట్ పైపులోంచి ధార, మంచినీళ్ళ పైపులోంచి చుక్క. ఫోన్ చేసి "అన్నా, మెంబ్రేన్ డిఫెక్టివ్ పీస్ పంపారు, రిటర్న్ పెడుతున్నా" అన్నాడు.

అవి వీధి పైపులోనే గట్టి ఒత్తిడితో నీళ్ళొచ్చే దేశాల కోసం చేసినవి. మన కుళాయిలకి ఒత్తిడి ఇచ్చేది డాబా మీద ట్యాంకు. ట్యాంకు కుళాయికి 20 అడుగుల పైన ఉందనుకుంటే వచ్చే ఒత్తిడి 8.7 పీఎస్ఐ. నీళ్ళలో ఉప్పు తిరిగి వెనక్కి లాగే బలం ప్రతి 100 టీడీఎస్‌కి దాదాపు 1 పీఎస్ఐ. వాళ్ళ బోరు 900. అంటే 9 పీఎస్ఐ వెనక్కి లాగుతుంటే 8.7 ముందుకి తోస్తోంది. చుక్క వచ్చిందంటేనే గొప్ప. బూస్టర్ పంపు పెట్టాక ఆ "డిఫెక్టివ్ పీసే" చక్కగా నడిచింది. రిటర్న్ పెట్టి ఇంకోటి తెప్పించి ఉంటే అదీ చుక్కలే కార్చేది.

వేస్ట్ పైపు జోలికి పోవద్దు

ఇక్కడ నాకే రెండు మనసులు. వేసవిలో ట్యాంకర్ కోసం క్యూ కట్టే ఊళ్ళో ఉండి, చేపల కోసం ఒక లీటరు తీసి రెండు మూడు లీటర్లు వదిలేయడం తప్పుగానే అనిపిస్తుంది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా టీడీఎస్ 500 కంటే తక్కువున్న చోట ఆర్వోలు వద్దని చెప్పింది, వృథా నీళ్ళని దృష్టిలో పెట్టుకునే. మా ఇంట్లోనూ "ఆ కాలవ కట్టెయ్" అన్న మాట వస్తూనే ఉంటుంది. దాంతో చాలామంది వేస్ట్ పైపు మీద వాల్వ్ పెట్టి బిగిస్తారు, లేదా 450 అని రాసి ఉన్న ఎఫ్ఆర్ (వేస్ట్ ధారని అదుపు చేసే ఫ్లో రిస్ట్రిక్టర్) తీసేసి 300 వేయించుకుంటారు.

కానీ ఆ వేస్ట్ నీళ్ళే మెంబ్రేన్‌ని కడుగుతుంటాయి. 1100 టీడీఎస్ నీళ్ళలో పావు వంతు మంచినీళ్ళుగా తీస్తే, మిగిలినవి 1450 దాకా చిక్కబడతాయి. సగం తీస్తే 2200. ముప్పావు తీస్తే 4400. అందులో సున్నం కూడా అదే లెక్కన చిక్కబడి మెంబ్రేన్ మీద గడ్డకడుతుంది. ఎఫ్ఆర్ దానంతటదే సున్నంతో పూడుకుపోయినా ఇదే జరుగుతుంది, పైగా అప్పుడు వేస్ట్ తగ్గిందని ఎవరూ గమనించరు, గమనించినా ఆనందిస్తారు. కొన్ని నెలలకి మెంబ్రేన్ మూసుకుపోతుంది. ఇంతలో ఆదా అయిన నీళ్ళెన్నో, పారేసిన మెంబ్రేన్ ఖరీదెంతో ఎవరూ లెక్క వేయరు.

వేస్ట్ ధార తగ్గితే ముందు ఎఫ్ఆర్ మార్చాలి, అది చవక వస్తువు. బోరు నీళ్ళు మరీ గట్టివైతే సున్నం గడ్డకట్టకుండా చూసే యాంటీస్కేలెంటో సాఫ్ట్‌నరో ముందు పెట్టుకోవాలి. నీళ్ళు పోతున్నాయన్న బాధకి నేను చూసిన మందు ఒకటే, వేస్ట్ పైపుని డ్రమ్ములోకి వదిలి బాత్రూం ఫ్లష్‌కీ, నేల తుడవడానికీ వాడటం. మొక్కలకి పోస్తే మాత్రం కొన్నాళ్ళకి కుండీల అంచుల మీద తెల్లటి పొర కడుతుంది.

మెకానిక్ తప్పా?

అతని తప్పని తేల్చేయడం నాకు ఇష్టం లేదు. ఒక కుర్రాడిని టీ ఇచ్చి అడిగాను, గేజ్ ఎందుకు పెట్టుకోవు అని. "సార్, కాల్‌కి ఇంత అని ఇస్తారు. జగ్గు పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే కస్టమరే అంటాడు, ఏం చూస్తున్నావ్, ఏదో ఒకటి మార్చెయ్ అని" అన్నాడు. అతను చెప్పింది నిజం. తాగే నీళ్ళకి 44 అయినా 14 అయినా ఎవరికీ తేడా లేదు. వాళ్ళ పనంతా ఆ కస్టమర్ కోసం తయారైంది. డిస్కస్‌లూ క్రిస్టల్ ష్రింప్‌లూ పెంచే నాలుగిళ్ళ కోసం వాళ్ళు పద్ధతి మార్చుకోవాలని అడగడం కుదిరే పని కాదు. మన మెషిన్ కొలతలు మనమే పెట్టుకోవాలి.

ఇంకో మాట కూడా అతనివైపునుంచి ఒప్పుకోవాలి. మెంబ్రేన్‌లు నిజంగానే పోతాయి. మన బోర్ల దెబ్బకి కాస్త తొందరగానే పోతాయి. ఒత్తిడి సరిగ్గా ఉండి, ఎఫ్ఆర్ బాగుండి, పది నిమిషాలు నడిచాక కూడా శాతం 90 కిందికి దిగితే నేను ఇంక వాదించను, మార్చేస్తాను. అతను చెప్పింది పదిసార్లలో కొన్నిసార్లు కరెక్టే అవుతుంది. కాకపోతే ఏ సార్లు కరెక్టో అతని దగ్గరున్న మీటర్‌తో తెలీదు.

రెజిన్ వాడేవాళ్ళకి

ఉప్పునీటి తొట్లవాళ్ళు ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన ఉప్పుని కూడా పట్టేసే గుళికలు) పెట్టి సున్నా దాకా దింపుతారు. బెంగళూరులో ఉన్న మా బంధువుల అబ్బాయికి ఆర్వో నుంచి 6 వస్తోంది, అయినా రెజిన్ చూస్తుండగానే రంగు మారిపోయేది. ఆరు టీడీఎస్ తీయడానికి అంత రెజిన్ ఖర్చవ్వకూడదు. బోరు నీళ్ళలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ వాయువు మెంబ్రేన్‌ని సులువుగా దాటేస్తుంది, టీడీఎస్ మీటర్‌కి దాదాపు కనిపించదు, రెజిన్‌ని మాత్రం తినేస్తుంది. ఆర్వో నీళ్ళని మూత తీసిన డ్రమ్ములో ఎయిర్ స్టోన్ పెట్టి రాత్రంతా బుడగలు పోనిచ్చి, ఆ తర్వాత రెజిన్ గుండా పంపమన్నాను. రెజిన్ ఖర్చు బాగా తగ్గిందని చెప్పాడు. ఆర్వో నీళ్ళ పీహెచ్ 6 చూపిస్తోందని భయపడేవాళ్ళకి కూడా చాలాసార్లు కారణం ఈ వాయువే. అసలు ఏ ఖనిజమూ లేని నీళ్ళ పీహెచ్ కొలిచి చేసేదేమీ లేదు. మినరల్స్ వేశాకో, బోరు నీళ్ళు కలిపాకో కొలవాలి.

కలపడం అన్నాను కాబట్టి ఆ లెక్క కూడా చెప్తాను. నేరుగా ఆర్వో నీళ్ళే పోస్తే చేపలు ఒంట్లో ఉప్పు నిలుపుకోలేక అవస్థపడతాయి. ఆర్వో 40, బోరు 900, తొట్టిలో 200 కావాలంటే, 200లోంచి 40 తీసేస్తే 160, 900లోంచి 40 తీసేస్తే 860. 160ని 860తో భాగిస్తే నూటికి సుమారు 19. అంటే వంద లీటర్లలో 19 బోరు, 81 ఆర్వో. ఇప్పుడు ఆర్వో 40 బదులు 60 ఇస్తోందనుకోండి. అదే లెక్కలో బోరు 17కి తగ్గుతుంది. ఇరవై అంకెల "సమస్య"కి మందు రెండు లీటర్లు అటూ ఇటూ చేయడమే. క్రిస్టల్ ష్రింప్‌లాంటి నాజూకు జీవాలకి బోరు నీళ్ళు కలపకుండా విడిగా మినరల్ పొడి వాడతారు, వాళ్ళ పట్టింపు వేరు.

గప్పీలూ, మోలీలూ, మలావీ సరస్సు చేపలూ పెంచేవాళ్ళు కూడా ఆర్వో రిపేర్ల గురించి అడుగుతుంటారు. వాటికి గట్టి నీళ్ళే ఇష్టం. బోరు నీళ్ళు ఏ రెండు వేలో ఉంటే తప్ప, వాళ్ళ మెషిన్‌లో మెంబ్రేన్ పోయిందో లేదో తేల్చాల్సిన అవసరమే లేదు. ఎండాకాలం తొట్టిలో ఆవిరైపోయిన నీళ్ళ బదులు పోయడానికి మాత్రం కొంచెం ఆర్వో నీళ్ళు ఉంటే మంచిది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పంతా తొట్టిలోనే ఉండిపోతుంది. దానిమీద మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూ పోతే వేసవి అయ్యేసరికి తొట్టి టీడీఎస్ బోరుని దాటిపోతుంది. ఆ పనికి ఎలాంటి పాత మెంబ్రేన్ అయినా సరిపోతుంది, 85 శాతం ఆపేదైనా సరే.